కంబళి మడతలో నోటుబుక్కు

నేను, గంగమ్మను. నువ్వు పోయి ఏడాది మీద మూడు నెలలయింది. అక్కడ ఎండ ఎలా ఉందో... ఇక్కడ మాత్రం రోళ్లు పగిలేలా కాస్తోంది.

ఉత్తరం మొదట్లో అందరం క్షేమం అని రాయాలని నువ్వే నేర్పించావు. అందరం క్షేమం. కానీ నాకు భయంగా ఉంది.

నలుగురిలో నిన్ను 'మీరు' అనేదాన్ని. తలుపు వేసుకున్నాక 'నువ్వు'. ఈ ఉత్తరం తలుపు వేసుకునే రాస్తున్నాను. నా చదువు నాలుగో తరగతి, అదీ ఆంధ్రా వైపు మా పుట్టింట్లో చదివిన తెలుగు. తప్పులుంటే సర్దుకో. ఎర్ర ఇంకు పెన్ను మాత్రం తియ్యొద్దు.

ఎల్లుండి గురువారం మన కొడుకు రామాంజి కూతురు భవ్యకు పరీక్ష. తుమకూరులో నర్సింగు చేరిందని నీకు తెలుసు. నువ్వు పోయిన తర్వాత జరిగింది నీకు తెలియదు. ఎముకలు, కండలు, నరాల పేర్లన్నీ రాయాల్సిన పేపరు ఉంటుందట. అది పోయింది. పదో తరగతి దాకా కన్నడంలో చదివిన పిల్ల, ఒక్కసారిగా అంతంత పొడుగు ఇంగ్లీషు పేర్లు మీద పడితే ఏం చేస్తుంది? ఇప్పుడు రెండోసారి రాయాలి.

రామాంజి తేల్చి చెప్పేశాడు. "ఈ తూరి పోతే ఇంటికొచ్చేయ్. సోలారులో అద్దాలు తుడిచేకి ఆడోళ్లను పిలుస్తాండారు" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. వాడూ మన చేను పోయిన ఆ సోలారు కంచె లోపలే గడ్డి కోస్తున్నాడు, ఆ పని తప్పని వాడికి అనిపించదు. నాకూ అనిపించదు. కానీ నీ మూతి పక్కకు పోయిన రోజు, పెద్దవాళ్లందరం ఏడుస్తూ నిలబడితే, నీ మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టింది ఈ పిల్ల ఒక్కతే. అప్పుడు నువ్వు దాని వైపు చూసిన చూపు నేను చూశాను. ఆ చెయ్యి అద్దాల మీదికి పోవాలా?

ఈ పరీక్ష పోతే తప్పు పిల్లది కాదు, నాది. ఎలాగో చెప్పడానికే ఈ ఉత్తరం. వద్దు వద్దనుకుంటూనే రాస్తున్నాను.

నీ లాటిన్ పిచ్చి మొదట నాకు అర్థం కాలేదు. తుమకూరులో చదువుకునే రోజుల్లో, హాస్టలు వెనక ఒక ముసలి ఫాదరు తోటకు నీళ్లు పోసి, కూలికి బదులు మాటలు తెచ్చుకున్నానని చెప్పేవాడివి. ఇంగ్లీషు మాటల్లో సగం ఆ పాత భాష కడుపున పుట్టినవే అనేవాడివి. ఎవరూ మాట్లాడని భాష కదా, అది ఉంటే ఎంత, లేకపోతే ఎంత అని నేననేదాన్ని.

మీది గొర్రెలు కాసిన ఇల్లు. అందుకేనేమో నీ చదువంతా మందలాగే ఉండేది. "రెండు మందలు కలిసిపోతే మా నాయన గొర్రె మొగం చూడడు గంగా. చెవి కోత చూస్తాడు. కోత చూస్తే ఎవురి మందదో తెలుస్తాది. మాటకూ చెవి కోత ఉంటాది. దాన్ని పట్టుకుంటే ఎంత పెద్ద మాటకైనా బయపడే పనిలేదు."

నాకు మాటలకు కాదు, అన్నింటికీ భయమే కదా. ఆ సంగతి నీకు తెలిసే అలా చెప్పేవాడివేమో.

ఆ భాషలో మంద అనే మాటకు వేరు 'గ్రెగ్' అన్నావు. కాంగ్రిగేషన్ అంటే మంద చేరడం. సెగ్రిగేట్ అంటే మందలోంచి ఏరి పక్కన పెట్టడం. ఆవును 'వక్కా' అంటారన్నావు. మొదటి టీకా ఆవులకు వచ్చే మశూచి నుంచి తీశారట, అందుకని వ్యాక్సిన్‌లో ఆవు దాక్కుని ఉందన్నావు. నేను నమ్మలేదు. సూదిలో ఆవు ఎలా పడుతుంది? తర్వాత ఊళ్లో అందరికీ కరోనా సూది వేసినప్పుడు, నేను భయపడి గుంజ పట్టుకుని నిలబడితే నువ్వు చెవిలో చెప్పావు... "ఆవే లే, పొడిచేది కాదు, రా." అలా వేయించుకున్నాను.

పొద్దున బడికి పోయే ముందు పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చునేవాడివి. ప్రతి మాటా ముందు నా మీదే పరీక్ష. "నీకు అర్తమైతే తొమ్మిదో క్లాసుకు అర్తమైనట్టే." నాకు ఒళ్లు మండేది. సంగటి అడుగంటుతుంటే ఎవరికి కావాలి ఈ మాటలు? అయినా వినేదాన్ని. వినకపోతే నీ మొహం చిన్నబోయేది. అది చూడలేకపోయేదాన్ని. ఇంట్లో కనబడిన ప్రతి సామానుకూ ఒక మాట కట్టి చూపించేవాడివి. నేను తల ఊపాకే అది నోటుబుక్కులో ఎక్కేది.

ఆ నీలం అట్ట నోటుబుక్కు. ఇంగ్లీషు అక్షరాలు ఒక వరస, కన్నడం అర్థం ఒక వరస, నా కోసమని తెలుగు ఒక వరస. దారం ఊడితే దబ్బనంతో నేనే కుట్టాను. కొత్త కాగితాలు చేరిన కొద్దీ మళ్లీ మళ్లీ కుట్టాను. బడి నుంచి రిటైరయ్యాక కూడా నువ్వు రాయడం ఆపలేదు. సోలారు వాళ్లు ఊళ్లో మీటింగు పెట్టిన రోజు, ఆ పేరు నోరు తిరగక అందరూ నవ్వుకుంటుంటే నువ్వు లేచి, "సోల్ అంటే సూర్యుడప్పా. పేరు పాతదే, కంపెనీ ఒకటే కొత్తది" అన్నావు. ఇంటికొచ్చి అదీ రాసుకున్నావు.

ఇప్పుడు అసలు సంగతి.

మీ వంశంలో మగవాడు పోతే కంబళి చుట్టి, చేతికర్ర పక్కన పెట్టి చేనులోనే పూడ్చుతారు. మీ నాయనకు అలాగే చేశారు. జీవితమంతా పని చేసిన చెయ్యి అక్కడ ఖాళీగా ఉండకూడదని. నీకూ కంబళి తెచ్చారు. కర్ర కోసం వెతికారు. నువ్వు ఏనాడు కర్ర పట్టావు? బడిలో కూడా పట్టలేదే. ఎవరో ఒక వెదురు కర్ర తెచ్చి నీ పక్కన పెట్టారు.

నాకు మనసొప్పలేదు. ఎవరిదో కర్రతో నిన్ను పంపడమేమిటి? నీ చేతిది నోటుబుక్కు కదా.

ఇంకో భయం కూడా ఉండింది. నేనూ పోతే ఆ బుక్కు గతి ఏమిటి? పాత కాగితాల వాడు వస్తాడు, రామాంజి అటక దులుపుతాడు, నీ అక్షరాలన్నీ బస్టాండులో చెనక్కాయల పొట్లాలవుతాయి. ఎవడో తిని, కాగితం ఉండ చుట్టి కాలవలో పారేస్తాడు... ఏడుస్తూనే ఇదంతా ఆలోచించాను. నా బుర్ర అలాంటిది.

కంబళి చుట్టే ముందు ఆడవాళ్లను జరగమన్నారు. నేను కాళ్లకు మొక్కుతున్నట్టు వంగి, కొంగు చాటున తెచ్చిన బుక్కును మడతలోకి తోసి, నీ కుడి చేతి కింద పెట్టేశాను. ఎవరూ చూడలేదు. మంచి పని చేశాననే అనుకున్నాను. ఆ తర్వాత చాలా రోజులు, ఈ ఒక్క విషయంలో మాత్రం నిశ్చింతగా ఉన్నాను.

పేపరు పోయిందని తెలిసి భవ్య ఇంటికొచ్చింది. సంచి దించకుండానే అడిగింది. "అవ్వా, తాత బుక్కు యాడుండాది?"

ఫోనులో అన్నీ ఉంటాయంటారు కదా అన్నాను. "ఫోనులో ఉండాయి అవ్వా. చదివితే నిలబడ్తాలేవు. తాత ఎలుక కథ చెప్పినాడు చూడు, అదొకటే పోలేదు" అంది.

గుర్తుందా? దానికి ఆరేడేళ్లప్పుడు దాని చెయ్యి మడిచి, చిన్న కండ పొంగితే చూపించి, "సూడు, తోలు కింద చిట్టెలుక పరిగెత్తుతాంది" అన్నావు. మస్కులుస్ అంటే చిట్టెలుక, మజిల్ అక్కడ పుట్టిందే అన్నావు. అది ఊరంతా తిరిగి అందరికీ ఎలుకను చూపించింది.

నిజం చెప్పి ఉండాల్సింది. నోరు రాలేదు. తాత చేతిలో పెట్టి పూడ్చానంటే ఏమంటారో... అందుకని, "ఎవురికో ఇచ్చినట్టుండాడు మీ తాత" అన్నాను.

ఎంత చిన్న అబద్ధం. నువ్వయితే దానికీ ఒక చెవి కోత చూపించేవాడివి.

అది అటకంతా వెతికింది. ట్రంకు పెట్టె బోర్లించింది. చివరికి నీ దగ్గర చదివిన తిప్పేస్వామి గుర్తుకొచ్చాడు. పావగడ బస్టాండు పక్కన జెరాక్సు అంగడి పెట్టుకున్నాడే, అతనే. ఒకసారి బుక్కు తీసుకుపోయి నాలుగు రోజులుంచుకున్నాడు. తిరిగి ఇచ్చేశాడు కూడా, అది నాకు తెలుసు. పిల్లకు తెలియదు. నాతో చెప్పకుండా బస్సెక్కి పోయి, అంగట్లో గిరాకీలందరి ముందరా, "మా తాత బుక్కు మింగి కూకున్యావు కదన్నా" అని అడిగేసి వచ్చిందట. ఇంటికొచ్చి గొప్పగా చెప్పింది. అప్పుడైనా చెప్పానా? లేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను.

పోయిన సోమవారం పొద్దున తిప్పేస్వామి వచ్చాడు. స్నానం చేసి, తడి తలతో, తెల్ల పంచెతో. చేతిలో కర్పూరం పొట్లం. గడప దాటలేదు.

"అవ్వా, సారు నాకు అచ్చరం పెట్టిన దేవుడు. ఆయప్ప బుక్కు నేను తిన్న్యానని పావగడంతా అంటాండారు. నీ ఎదురుగా కర్పూరం ఆర్పి పోతా" అన్నాడు.

నీకు తెలుసు కదా కర్పూరం ప్రమాణం అంటే నాకు ఎంత భయమో. అరచేతిలో కర్పూరం వెలిగించి, పిడికిలి మూసి ఆర్పితే ఆ మాట దేవుడి లెక్కలో పడిపోతుంది. అబద్ధమాడితే ఆర్పినవాడికి కీడు. నిజమే అయితే, ఉత్త పుణ్యానికి ప్రమాణం దాకా తెచ్చినవాళ్లకు కీడు. మా పుట్టింట్లో అలా జరిగింది చిన్నప్పుడే చూశాను. ఇతనేమో నిజం చెబుతున్నాడు. ఇక్కడి దాకా తెచ్చింది ఎవరు? భవ్య. నా అబద్ధం మోసుకుపోయిన భవ్య.

అతను అగ్గిపుల్ల గీశాడు. భవ్య గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని చూస్తోంది. రామాంజి పళ్లు తోముకుంటూ నిలబడ్డాడు. కర్పూరం అంటుకుంది. తిప్పేస్వామి వేళ్లు ముడుచుకోబోతున్నాయి.

నేను ఎలా లేచానో తెలియదు. మోకాళ్ల నొప్పులు కూడా గుర్తు లేవు. పోయి అతని అరచేతి మీద నా అరచెయ్యి వేసి నొక్కేశాను. చుర్రుమంది. కర్పూరం నా చేతి కింద ఆరింది.

అప్పుడు అర్థమైంది. ఆర్పింది నేను. అంటే ప్రమాణం నాది. ఇక అబద్ధం చెప్పే దారే లేదు.

"బుక్కు ఆయప్ప దగ్గరే ఉండాది. కంబళిలో నేనే పెట్టినాను" అన్నాను.

పక్కింటి కోడి ఒకటి గడప మీదికొచ్చి పోయింది.

భవ్య ముందు తేరుకుంది. "తాతకు ఆడ పరీచ్చలు పెడ్తారా అవ్వా?" అంది. నవ్వుతూ అనలేదు. లోపలికి పోయి మంచం మీద పడుకుంది. రామాంజి నోట్లో నురగతోనే అరుగు మీద కూలబడి, "తవ్వేకి ఐతాదా ఇప్పుడు..." అని గొణిగాడు. నీ మీద మట్టి తీయడమా? ఒక బుక్కు కోసం?

తిప్పేస్వామే వాడిని కసిరాడు. "ఏం మాటలన్నా అవి. ఈ పొద్దుకు చెదలు మిగిల్చి ఉంటాయా ఏమన్నా." తర్వాత నా చెయ్యి తిప్పి చూసి, బొబ్బ మీద నీళ్లు పోశాడు. అంగట్లో అంత అవమానం పడిన మనిషి. మజ్జిగ ఇస్తే తాగాడు. లోపలికి వినబడేలా భవ్యతో ఒక మాటన్నాడు.

"సారు క్లాసుకొచ్చి ఏమంటాండె తెలుసునామ్మా? ఇది మా ఇంట్లో పొద్దున్నే పాసైన మాట, మీరెందుకు ఫెయిలైతార్రా అంటాండె. పాసైనోళ్లు ఈడే ఉండారు కదా. అడుగు."

నేను నాలుగో తరగతి దాన్ని. నన్ను అడగమన్నాడు.

ఆ మధ్యాహ్నం భవ్య ఎదురుగా కూర్చుంది, కొత్త నోటుబుక్కు పెట్టుకుని. ఇంకా కోపంగానే ఉంది. పటెల్లా అంటే ఏంది అవ్వా, రేడియస్ అంటే ఏంది అవ్వా అని వరసగా అడిగింది. ఒక్కటీ రాలేదు. అయిపోయింది, నాతో పాటు దీన్నీ ముంచేశాను అనుకున్నాను. అంతలో పొయ్యి మీద పాలు పొంగుతున్న వాసన వచ్చింది. పరుగున పోయి, దించి, మూత కోసం మూకుడు చేతిలోకి తీసుకున్నాను.

నీ గొంతు వినబడింది. "మూకుడు గంగా. పటెల్లా అంటే చిన్న మూకుడు. మనం మోకాలి చిప్ప అంటాము కదా, వాళ్లూ అదే అన్నారు."

ఎంత భయమేసిందో తెలుసా? నిజంగా నువ్వే పీట మీద కూర్చున్నావేమో అని వెనక్కి చూశాను. భవ్య నిలబడి ఉంది, పెన్సిలు పట్టుకుని.

అలా మొదలైంది. కూర్చుని అడిగితే ఒక్కటీ రాదు. సామాను ముట్టుకుంటే వస్తుంది. నడుముకున్న తాళంచెవి ముట్టుకున్నాను... క్లావికుల, చిన్న తాళంచెవి, భుజం ముందరి ఎముక. నీళ్ల తొట్టి, పెల్విస్, నడుము కింది గుంట. గాజుకు తగిలించిన పిన్నీసు, ఫిబులా, కాలి పక్కన సన్న ఎముక. పెరట్లో విరిగిన బండి చక్రం ఉందే, దాని ఆకు పుల్ల పట్టుకుంటే రేడియస్ వచ్చింది, మోచేతి నుంచి బొటనవేలి వైపు దిగేది. అటక మీద మీ నాయన పిల్లనగ్రోవి దించాను. టిబియా. పిల్లనగ్రోవి. ముంగాలి ఎముక.

నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు కాబట్టి నేను పలికితే అది పాఠం పుస్తకంలో వెతికి జత కలిపి రాసుకునేది. నాలుగు రోజులు ఇల్లంతా తిరిగాం. పక్కింటి ఈరక్క కిటికీలోంచి చూసి, "అవ్వామనవరాలు ఇల్లు అమ్మేకి సామాన్లు లెక్కపెట్టుకుంటాండారా?" అని అడిగింది.

ఒకటి మాత్రం సామాను ముట్టుకోకుండానే వచ్చింది. భవ్య దగ్గరగా కూర్చుని నా కళ్లలోకి చూసింది. దాని కంట్లో నేను చిన్నగా కనబడ్డాను. పుపిల్లా. బొమ్మలాంటి చిన్న పిల్ల. "మనం కంటిపాప అంటాం. ఎక్కడి వాళ్లో, ఎప్పటి వాళ్లో, వాళ్లకూ అక్కడ పాపే కనబడింది చూడు" అని నువ్వన్న రోజు మనిద్దరం ఎంత సేపు ఒకరి కళ్లలో ఒకరం చూసుకున్నామో... అది మాత్రం భవ్యకు చెప్పలేదు.

నిన్నగాక మొన్న, ఆదివారం బస్సుకు అది వెళ్లింది. నా కాళ్లకు మొక్కి, "పాసైతే తాతది, పోతే నీది అవ్వా" అంది. ఈసారి నవ్వింది. దానికి నవ్వులాట. బస్సు నాగలమడిక దాటిందని ఫోను వచ్చే దాకా వీధిలోనే నిలబడ్డాను. అప్పటి నుంచి తిండి సయించడం లేదు.

తప్పు చెప్పి ఉంటే?

'ఓస్' అంటే ఎముక అని చెప్పాను. మరునాడు తలంటుకుంటుంటే, ఓస్ అంటే నోరు అని నువ్వు చెప్పినట్టు గుర్తొచ్చింది. రెండూ ఎలా అవుతాయి? ఎముక వేరు, నోరు వేరు కదా. ఏది నిజం?

'కోస్టా' అంటే పక్కటెముక అన్నాను. కానీ సముద్రం ఒడ్డు గురించి కూడా ఏదో చెప్పావు. మనం సముద్రం చూసిందీ లేదు. ఎందుకు చెప్పావు?

'సోల్' అంటే సూర్యుడు, 'సోలుస్' అంటే ఒంటరి... చూడ్డానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి, ఒక తల్లి బిడ్డలు కారు అన్నావు. అంతేనా, నేను తిప్పి చెప్పానా? పరీక్షలో వీటితో పనిలేదంది భవ్య. నాకుంది పని.

ఇవాళ అమావాస్య. పొద్దున నీ దగ్గరికి వచ్చాను. చూశావో లేదో. సోలారు గేటు దగ్గర పేరు రాసి సంతకం పెట్టాలి. తెలుగులో పెడితే ఆ సెక్యూరిటీ అబ్బాయి చదవలేక ప్రతిసారీ నన్నే అడిగి పక్కన ఇంగ్లీషులో రాసుకుంటాడు. మన చేనంతా ఇప్పుడు సోలారు అద్దాలే. వాటి మధ్య బాటలో నడుస్తుంటే రెండు వైపులా నేనే నడుస్తున్నట్టు నీడలు. నువ్వూ మీ నాయనా ఉన్న మూల మాత్రం అలాగే వదిలారు. నన్ను అక్కడికి తెచ్చే రోజు గేటు దగ్గర ఏం రాసుకుంటారో, సంతకం ఎవరు పెడతారో... దాని గురించి ఇంకోసారి భయపడతాను. ఇవాళ్టికి ఈ భయం చాలు.

దీపం పెట్టి, గుర్తున్న మాటలన్నీ మూకుడు మొదలుకుని గట్టిగా అప్పజెప్పాను. తప్పయిన చోట నువ్వు దగ్గుతావేమో, బడిలో దగ్గినట్టు, అని ఆగి ఆగి చెప్పాను. గాలి కూడా లేదు. దూరంగా అద్దాలు కడిగే ఆడవాళ్లు పైపు ఆపి నా వైపు చూశారు. వాళ్లలో ఒకతెకు భవ్య వయసే ఉంటుంది.

ఇంకొకటి ఉంది. ఇది భవ్యకు చెప్పలేదు, తిప్పేస్వామికి చెప్పలేదు. కర్పూరం ఆర్పిన చేత్తోనే రాస్తున్నాను, కాబట్టి నిజం.

నీకు మాట పడిపోయిన ఆ రెండు నెలలు నువ్వు రాయడం మానలేదు. వణికే చేత్తో అక్షరాలు గీకి, బుక్కు నా వైపు తిప్పి, వేలు పెట్టి చూపించేవాడివి. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. నేను ఆ గీతలు చదవలేకపోయేదాన్ని. పక్కన తెలుగు రాసే ఓపిక అప్పటికి నీకు లేదు. నువ్వు నా మొహం వైపే చూసేవాడివి, పొయ్యి దగ్గర చూసినట్టే.

నేను తల ఊపేదాన్ని. "అర్తమైంది" అనేదాన్ని. ప్రతి ఒక్కదానికీ.

నీ మొహం వెలిగేది. అప్పుడు దాన్ని ఖాయం చేసినట్టు కింద గీత గీసేవాడివి. ఎన్ని మాటలు అలా పాస్ చేశానో... ఒక్కటీ అర్థం కాలేదు నాకు. అవి తలకాయలోని ఎముకలా, గుండె నాళాలా? పరీక్షలో అవే వస్తే? లేక అవి పరీక్షవి కాకుండా, నాకు చెప్పాలనుకున్న మాటలా? ఏం రాశావు ఆ చివరి ఆకుల్లో?

భవ్య కొత్త బుక్కులో చివర కొన్ని కాగితాలు ఖాళీగా వదిలించాను. ఎందుకు అవ్వా అంటే, ఉండనీలే అన్నాను.

రామాంజితో నిన్న చెప్పేశాను. నా చేతిలో ఏమీ పెట్టొద్దు. దబ్బనం వద్దు, తాళంచెవి వద్దు, మూకుడు వద్దు. అవన్నీ ఇంట్లోనే ఉండాలి, ముట్టుకునేవాళ్లు ముట్టుకుంటారు. వాడు ఇలాంటి మాటలు ఎందుకమ్మా అని లేచిపోయాడు. విన్నాడు, అది చాలు.

ఉత్త చేతులతో వస్తాను. బుక్కు నీ దగ్గరే ఉంది. పీట వేసుకుని కూర్చో. ఆ చివరి ఆకులు మొదటి నుంచి చెప్పు, తొందరపడకుండా చెప్పు. ఈసారి అర్థం కాకపోతే అర్థం కాలేదనే చెబుతాను.

గురువారం మాత్రం ఆ పిల్ల పక్కన ఉండు.

నీ
గంగమ్మ